పసుపు ఫోల్డర్ల గుంపులో మన ఫోల్డర్ చటుక్కున కనిపించాలంటే

నేను ఇంట్లో కూర్చుని పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. ఒక్కో పుస్తకానికి మూడు ఫోల్డర్లు పెట్టుకుంటాను: వచ్చినవి, దిద్దుతున్నవి, పంపాల్సినవి. ఒకేసారి నాలుగైదు పుస్తకాలు నడుస్తుంటే డెస్క్‌టాప్ మీద పదిహేను ఫోల్డర్లు, అన్నీ పసుపు రంగువి, అన్నీ ఒకే ఆకారం. మూడేళ్ల క్రితం ఒక రాత్రి, దిద్దిన ప్రతి పంపబోయి దాని పక్కనున్న ఫోల్డర్‌లోని దిద్దని ప్రతి పంపేశాను. ఫోల్డర్ల పేర్లు సరిగ్గానే ఉన్నాయి. నేనే చదవలేదు. రోజూ అదే చోట నొక్కే చెయ్యి ఆ రోజూ అక్కడికే పోయింది. ఈలోగా ఫోల్డర్ ఒక గడి పక్కకు జరిగిందన్న సంగతి నా కంటికి ఆనలేదు. రెండు రోజుల తరువాత అవతలివాళ్లు ఫోన్ చేసేదాకా తెలియలేదు.

పేరు చదివితేగానీ తేడా తెలియని ఫోల్డర్ల మధ్య పనిచేస్తే ఇలాంటి పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఐకాన్ ఉన్నది చదవక ముందే గుర్తుపట్టడానికి. అందుకే ఐకాన్లు మార్చుకోవడాన్ని అలంకారంగా చూడను నేను. అవసరంగానే చూస్తాను. ఆ తరువాత నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. నాది విండోస్ కాబట్టి దాని గురించే ఎక్కువ ఉంటుంది. మ్యాక్, లినక్స్ వాళ్లకు పనికొచ్చేది చివర్లో కొంత ఉంది.

ముందు చిన్న మార్పుతో మొదలుపెట్టండి

ఏదో ఒక ఫోల్డర్ మీద ఒకసారి నొక్కి, ఆల్ట్ కీ పట్టుకుని ఎంటర్ కొట్టండి. 'ప్రాపర్టీస్' కిటికీ తెరుచుకుంటుంది. కుడి క్లిక్ చేసి మెనూలో వెతుక్కోవడం కంటే ఇది తేలిక, విండోస్ 10లోనూ 11లోనూ ఒకేలా పనిచేస్తుంది. అందులో 'కస్టమైజ్' అనే ట్యాబ్, దాని అడుగున 'ఛేంజ్ ఐకాన్' బటన్ ఉంటాయి. నొక్కగానే విండోస్‌తో పాటే వచ్చిన ఐకాన్ల వరుస కనబడుతుంది. నచ్చినదాన్ని ఎంచుకుని ఓకే, మళ్లీ ఓకే. అంతే. వెంటనే మారకపోతే డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట నొక్కి ఎఫ్5 కొట్టండి.

ఆ వరుసలో కనిపించేవి 'షెల్32' అనే ఫైల్‌లో ఉన్నవి. చాలామంది అవే ఉన్నాయనుకుని ఆగిపోతారు. అదే కిటికీలో 'బ్రౌజ్' నొక్కి, విండోస్ ఫోల్డర్‌లోని 'సిస్టమ్32'లోకి వెళ్లి 'ఇమేజ్‌రెస్' అనే డిఎల్ఎల్ ఫైల్‌ను ఎంచుకోండి. అందులో ఉన్నవి ఇంకా బాగుంటాయి, పెద్ద సైజులో కూడా నున్నగా కనబడతాయి. అక్కడే 'మోర్‌ఐకాన్స్' అనే ఫైల్ కూడా ఉంటుంది. పాత డాస్ రోజుల ప్రోగ్రాముల బొమ్మలన్నీ ఇప్పటికీ అందులో ఉన్నాయి. పనికి పెద్దగా రావు గానీ, చూస్తే ముచ్చటేస్తుంది. ఇలా తెరిచి చూసినందుకు ఆ ఫైళ్లకేమీ కాదు, టెన్షన్ పడకండి. విండోస్ వాటిలోంచి బొమ్మను చదువుకుంటుంది, అంతవరకే.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. ఫోల్డర్‌కు సొంత ఐకాన్ పెడితే, లోపలున్న ఫొటోల తొంగిచూపు ఆ ఫోల్డర్ బొమ్మ మీద ఇక కనబడదు. ఫొటోల ఫోల్డర్లను నేను అందుకే ముట్టుకోను.

రంగు మార్చి సరిపెట్టుకోకండి

మొదట నేను చేసింది రంగులు మార్చడమే. దిద్దనివి ఎర్ర ఫోల్డర్లు, దిద్దినవి ఆకుపచ్చ ఫోల్డర్లు. చూడ్డానికి బాగున్నాయి. నాన్న నాతోపాటు రెండో ప్రూఫు చదువుతారు, ఆయనకు డెబ్బై ఆరేళ్లు. ఆయన ఆ డెస్క్‌టాప్ ముందు కూర్చుని కాసేపు చూసి, "ఏం మార్చావమ్మా? అన్నీ ఒకేలా ఉన్నాయి కదా" అన్నారు. నాన్నకు ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా పుట్టినప్పటి నుంచీ సరిగా తెలియదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఐకాన్లకు రంగులు వేస్తున్నప్పుడు తట్టలేదు. ఆ మధ్యాహ్నమే అన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి ఆకారాలు పెట్టాను. వచ్చినవాటికి కిందికి దిగే బాణం గుర్తు, దిద్దుతున్నవాటికి పెన్సిల్, పంపాల్సినవాటికి కవరు. రంగు కూడా వేశాను. అయితే ఆకారం చెప్పేదాన్నే అది ఇంకోసారి చెబుతుంది, సొంతంగా కొత్త విషయమేమీ చెప్పదు. మీరు చేసిన ఐకాన్లు సరిగా ఉన్నాయో లేదో చూడాలంటే డెస్క్‌టాప్ స్క్రీన్‌షాట్ తీసి, ఏ ఫొటో యాప్‌లోనైనా రంగులు తీసేసి నలుపు-తెలుపు చేసి చూడండి. అందులోనూ తేడా తెలిస్తే చాలు. ఆ తరువాత రెండడుగులు వెనక్కి జరిగి చూడండి.

అన్నిటికీ మార్చాలన్న ఉబలాటం వస్తుంది. దాన్ని అదుపులో పెట్టుకోవాలి. డెస్క్‌టాప్ మీద ఇరవై ఉంటే ఐదారింటికే ప్రత్యేకమైన బొమ్మలు ఉండాలి. తక్కినవి మామూలుగా ఉంటేనే ఆ ఐదారూ కంటికి ఎదురొస్తాయి. ఇరవైకీ ఇరవై బొమ్మలు పెట్టి చూశాను, వెతుకులాట మళ్లీ మొదటికొచ్చింది.

షార్ట్‌కట్లు, వెబ్‌సైట్లు, విడి ఫైళ్లు

ప్రోగ్రాముల షార్ట్‌కట్లకు ఇదే పద్ధతి. ఆల్ట్ ఎంటర్ కొట్టాక 'షార్ట్‌కట్' ట్యాబ్‌లోనే 'ఛేంజ్ ఐకాన్' కనబడుతుంది. వెబ్‌సైట్‌కు పెట్టుకున్న ఇంటర్నెట్ షార్ట్‌కట్ అయితే 'వెబ్ డాక్యుమెంట్' అనే ట్యాబ్‌లో ఉంటుంది. డెస్క్‌టాప్ మీద మార్చినంత మాత్రాన టాస్క్‌బార్‌లో పిన్ చేసినది మారదు, అక్కడున్నది వేరే షార్ట్‌కట్. టాస్క్‌బార్‌లోంచి ఒకసారి తీసేసి, బొమ్మ మార్చినదాన్ని మళ్లీ పిన్ చేసుకోండి.

విడిగా ఒక్క ఫైల్‌కు, అంటే ఒక వర్డ్ ఫైల్‌కో ఒక పిడిఎఫ్‌కో, సొంత ఐకాన్ పెట్టే వీలు విండోస్‌లో లేదు. ఐకాన్ ఆ రకం ఫైళ్లన్నిటికీ కలిపి ఉంటుంది. దీనికొక మార్గం ఉంది: అసలు ఫైల్‌ను దాని ఫోల్డర్‌లోనే ఉంచి, డెస్క్‌టాప్ మీద దానికొక షార్ట్‌కట్ పెట్టి, ఆ షార్ట్‌కట్ బొమ్మ మార్చండి. నా పదాల పట్టిక ఫైల్‌ను ఇలాగే పెట్టుకున్నాను. పొరపాటున డెస్క్‌టాప్ మీద డిలీట్ కొట్టినా పోయేది షార్ట్‌కట్టే, పట్టిక భద్రంగా ఉంటుంది. ఈ లాభం కోసమైనా ఈ పద్ధతి మంచిది.

'దిస్ పీసీ', రీసైకిల్ బిన్ లాంటివాటికి దారి వేరు. 'సెట్టింగ్స్'లో 'పర్సనలైజేషన్', అందులో 'థీమ్స్', అందులో 'డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్'. అక్కడ ఏవి కనబడాలో టిక్ పెట్టుకోవచ్చు, ఒక్కోదాన్ని ఎంచుకుని 'ఛేంజ్ ఐకాన్' నొక్కవచ్చు. అదే కిటికీలో, ఐకాన్లను మార్చుకునే అనుమతి థీమ్‌లకు ఇచ్చే ఒక టిక్ ఉంటుంది. దాన్ని తీసేయండి. లేకపోతే ఎప్పుడైనా థీమ్ మార్చినప్పుడు మీరు పెట్టుకున్నవి పోవచ్చు. రీసైకిల్ బిన్‌కు మాత్రం ఖాళీది ఒకటి, నిండినది ఒకటి, రెండు బొమ్మలుంటాయి. మార్చేట్టయితే రెండూ మార్చాలి. అది నిండిందో లేదో ఒక్క చూపులో చెప్పడమే ఆ ఐకాన్ చేసే పని. ఆ తేడాను పోగొట్టే బొమ్మ ఎంత అందమైనదైనా వద్దు. నేను దాన్ని ఉన్నదున్నట్టే ఉంచేశాను.

సొంత బొమ్మ తయారు చేయడం

ఈ పనిలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

విండోస్‌కు కావాల్సింది ఐసిఓ రకం ఫైల్. పిఎన్‌జి బొమ్మ పేరు చివర ఐసిఓ అని మార్చినంత మాత్రాన అది ఐకాన్ అయిపోదు, విండోస్ దాన్ని తీసుకోదు. ఐసిఓ ఫైల్ నిజానికి ఒక్క బొమ్మ కాదు, ఒకే బొమ్మకు వేర్వేరు సైజులు కట్టిన కట్ట. 16, 32, 48, 256 పిక్సెళ్ల సైజులు ముఖ్యమైనవి. 24, 64, 128 కూడా ఉంటే మంచిది. ఫైళ్ల జాబితాలో చిన్నది, డెస్క్‌టాప్ మీద మధ్యరకం, 'ఎక్స్‌ట్రా లార్జ్' చూపులో పెద్దది, ఇలా ఎక్కడికి ఏది కావాలో విండోస్ ఆ కట్టలోంచి తీసుకుంటుంది. 256 పిక్సెళ్ల సైజు విండోస్ విస్టాతో వచ్చింది, అంతకంటే పెద్దది అక్కర్లేదు. ఒక్క 256 సైజే పెడితే దాన్నే కుదించి చిన్నచోట్ల చూపిస్తుంది, గీతలు కలిసిపోయి మసకబారిపోతాయి. ఒక్క 32 సైజే పెడితే పెద్దచోట పిక్సెళ్లు మెట్లు మెట్లుగా కనబడతాయి.

నేను వాడేది జింప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాం. డబ్బు కట్టనక్కర్లేదు, మూడు సిస్టమ్‌లలోనూ పనిచేస్తుంది. 256 వెడల్పు, 256 ఎత్తు ఉన్న కొత్త బొమ్మ తెరవండి. చతురస్రం తప్పనిసరి. తెరిచేటప్పుడే 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో నేపథ్యంగా 'ట్రాన్స్‌పరెన్సీ' ఎంచుకోండి. ఇది మరిచిపోతే బొమ్మ చుట్టూ తెల్లటి డబ్బా వస్తుంది. జెపెగ్ ఫొటోతో మొదలుపెట్టినవాళ్లకూ అదే సమస్య, ఎందుకంటే జెపెగ్‌లో పారదర్శకత ఉండదు. బొమ్మ పూర్తయ్యాక ఆ లేయర్‌కు, అంటే బొమ్మ ఉన్న పొరకు, నకలు తీసి, 'స్కేల్ లేయర్'తో 48కి కుదించండి. ఇంకో నకలు 32కి, ఇంకోటి 16కి. చివరకు 'ఎక్స్‌పోర్ట్ యాజ్' నొక్కి, ఫైల్ పేరు చివర డాట్ ఐసిఓ అని ఇవ్వండి. ఒక్కో లేయర్ ఒక్కో సైజుగా ఆ కట్టలో చేరుతుంది. అప్పుడు వచ్చే కిటికీలో 256 సైజు పక్కన పిఎన్‌జి కంప్రెషన్ టిక్ పెడితే ఫైల్ చిన్నదవుతుంది.

కుదించి వదిలేయకండి. 16, 32 సైజు లేయర్లను బాగా జూమ్ చేసి, చేత్తో సరిచేయండి. అడ్డదిడ్డంగా పడిన బూడిదరంగు పిక్సెళ్లు చెరిపేసి, ముఖ్యమైన గీతను ముదురు చేయండి. 1984లో వచ్చిన మొదటి మ్యాకింతోష్‌కు ఐకాన్లు గీసిన సూసన్ కేర్, గళ్ల కాగితం మీద గళ్లు నింపుతూ వాటిని రూపొందించారు. అడ్డంగా 32 గళ్లు, నిలువుగా 32 గళ్లు, నలుపు-తెలుపు తప్ప వేరే రంగు లేదు. నేనూ గళ్ల నోటుపుస్తకంలో 16 గళ్ల చదరం గీసుకుని, పెన్సిల్‌తో ముందు అందులోనే బొమ్మ వేసి చూస్తాను. అందులో పట్టని వివరం ఐకాన్‌లో ఉండక్కర్లేదు. పెన్సిల్ బొమ్మకు మొదట చివర రబ్బరు కూడా గీశాను. 16 గళ్లలోకి వచ్చేసరికి అదేదో మరకలా ఉంది, తీసేశాను.

తెలుగు అక్షరమే ఐకాన్ అయితే

నాన్నకు సొంత ఫోల్డర్లు కొన్ని ఉన్నాయి: ఆయన రాసుకునే కథలు, వచ్చిన ఉత్తరాల స్కాన్లు, జమాఖర్చు లెక్కలు. వాటికి బొమ్మల కంటే అక్షరాలే కావాలన్నారు. ముదురు రంగు చతురస్రం మీద తెల్లటి అక్షరం, కథలకు 'క', ఉత్తరాలకు 'ఉ', లెక్కలకు 'లె'. జింప్‌లో టెక్స్ట్ టూల్‌తో తెలుగు సరిగ్గానే పడుతుంది. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐలో బోల్డ్ రూపం ఉంది, అది సరిపోతుంది. ఇంకా లావుగా కావాలంటే ఉచితంగా దొరికే రామభద్ర ఫాంట్ బాగుంటుంది. సన్నని అందమైన ఫాంట్లు ఇక్కడ పనికిరావు. చిన్న సైజులో గీతలు మాయమైపోతాయి.

ఏ అక్షరం పెట్టాలన్నది కొంచెం ఆలోచించాలి. నా ఫోల్డర్లకు కూడా 'వచ్చినవి'కి 'వ', 'పంపాల్సినవి'కి 'ప' అని అక్షరాలే పెట్టి చూశాను. 'వ'లో తలకట్టు అక్షరానికి అంటుకుని ఉంటుంది, 'ప'లో విడిగా ఉంటుంది. ప్రూఫులు దిద్దేవాళ్ల కళ్లు జీవితాంతం వెతికేది ఆ సందునే. 16 గళ్లలో ఆ సందుకు దక్కేది ఒకే ఒక్క గడి. బొమ్మ కుదించగానే అదీ నిండిపోయి రెండూ ఒకటే అయ్యాయి. అంటే ఏ పొరపాటు తప్పించుకోవాలనుకున్నానో దాన్నే మళ్లీ తెచ్చిపెట్టుకున్నట్టు. అందుకే ఆ ఫోల్డర్లకు బాణం, కవరు బొమ్మలే ఉంచాను. 'ద', 'ధ', 'థ'లతోనూ ఇదే కష్టం. లోపలి చుక్క, అడుగున గీత చిన్న సైజులో నిలవవు. 'ఝ', 'ఋ' లాంటి వెడల్పైన అక్షరాలు చతురస్రంలో ఇరుక్కుని పొట్టిగా మిగిలిపోతాయి. ఒత్తులున్న అక్షరాలు అసలు వద్దు. 'అ', 'ఉ', 'క', 'గ', 'ర' లాంటివి గుండ్రంగా, విడివిడిగా నిలబడతాయి.

ఐకాన్ ఫైళ్లకు ఒక స్థిరమైన చోటు

ఐసిఓ ఫైల్‌ను ఫోల్డర్‌కు పెట్టాక, ఆ ఫైల్ అవసరం తీరిపోయిందనుకుని చెరిపేస్తే బొమ్మ కూడా పోతుంది. విండోస్ బొమ్మను ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోదు, అది ఉన్న చిరునామాను మాత్రం రాసుకుంటుంది. 'డౌన్‌లోడ్స్'లో ఉన్న ఫైల్‌ను పెట్టుకుని, నెల తరువాత 'డౌన్‌లోడ్స్' శుభ్రం చేసి, ఐకాన్లన్నీ ఎందుకు పోయాయా అని తలపట్టుకున్నాను ఒకసారి. ఇప్పుడు 'పిక్చర్స్'లో 'ఐకాన్లు' అని ఒక ఫోల్డర్ ఉంది. ఏది చేసినా ముందు అక్కడ పెట్టి, ఆ తరువాతే వాడతాను. దానికి బ్యాకప్ కూడా తీస్తాను.

ఆ చిరునామా రాసుకునే చోటు, ఆ ఫోల్డర్ లోపలే దాచి ఉంచే 'డెస్క్‌టాప్ ఐఎన్ఐ' అనే చిన్న టెక్స్ట్ ఫైల్. దాచిన ఫైళ్లు చూసే ఏర్పాటు ఆన్ చేసినప్పుడు అది కనబడితే వైరస్ అని భయపడి తీసేయకండి. తీసేస్తే ఫోల్డర్ చెడిపోదు గానీ మళ్లీ పసుపు రంగులోకి వచ్చేస్తుంది. మనకు కావాల్సినప్పుడు పసుపుకు తిరిగి రావడానికి 'ఛేంజ్ ఐకాన్' కిటికీలోనే 'రీస్టోర్ డిఫాల్ట్స్' బటన్ ఉంది.

ఇంకో ఇబ్బంది: అదే ఐసిఓ ఫైల్‌ను సరిచేసి, అదే పేరుతో సేవ్ చేస్తే డెస్క్‌టాప్ మీద పాత బొమ్మే కనబడుతూ ఉంటుంది. విండోస్ వేగం కోసం ఐకాన్లను క్యాష్ అనే తాత్కాలిక నిల్వలో దాచుకోవడమే దీనికి కారణం. క్యాష్ తుడిచే ఆదేశాలు ఉన్నాయి గానీ, కొత్త బొమ్మకు కొత్త పేరు పెట్టి సేవ్ చేసి, దాన్ని ఎంచుకోవడం అన్నిటికంటే తేలిక. 'పెన్సిల్-2', 'పెన్సిల్-3' అని పెట్టుకుంటూ పోతాను.

బయటి నుంచి ఐకాన్లు దించుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఐకాన్ల కట్ట అంటే ఐసిఓ, పిఎన్‌జి, ఎస్‌విజి ఫైళ్లు, లేదా అవి ఉన్న జిప్. ఇన్‌స్టాల్ చేయమని ఈఎక్స్ఈ ఫైల్, అంటే తెరవగానే నడిచే ప్రోగ్రాం, ఇస్తుంటే వదిలేయండి. సిస్టమ్ ఫైళ్లనే మార్చేసి అన్ని ఐకాన్లనూ ఒకేసారి మారుస్తామనే ప్రోగ్రాముల జోలికీ పోవద్దు. తరువాతి విండోస్ అప్‌డేట్ వాటిని చెరిపేయవచ్చు, ఒక్కోసారి సిస్టమ్‌నే ఇబ్బంది పెట్టవచ్చు.

మ్యాక్‌లో, లినక్స్‌లో

మ్యాక్‌లో ఇది ఇంకా సులువు. బొమ్మను 'ప్రివ్యూ'లో తెరిచి, మొత్తం ఎంచుకుని కాపీ చేయండి. ఫోల్డర్ మీద కమాండ్ ఐ కొట్టి, వచ్చిన కిటికీలో ఎడమవైపు పైనున్న చిన్న ఐకాన్ మీద ఒకసారి నొక్కి, కమాండ్ వి. తీసేయాలంటే అదే ఐకాన్‌ను నొక్కి డిలీట్ కీ. అక్కడ విడి ఫైళ్లకు కూడా ఐకాన్ పెట్టుకోవచ్చు. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహోలో అయితే ఫోల్డర్ రంగు మార్చి, దాని మీద ఒక గుర్తునో ఇమోజీనో పెట్టుకునే ఏర్పాటు సిస్టమ్‌లోనే ఉంది. లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్లు ఫోల్డర్ 'ప్రాపర్టీస్' తెరిచి, అక్కడ కనిపించే ఫోల్డర్ బొమ్మనే నొక్కి కొత్తది ఎంచుకోవచ్చు. పిఎన్‌జి, ఎస్‌విజి నేరుగా పనిచేస్తాయి, ఐసిఓగా మార్చే పని లేదు.

ఎక్కడ ఉందో చెయ్యి మరచిపోదు

కంట్రోల్ కీ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే డెస్క్‌టాప్ ఐకాన్లు పెద్దవో చిన్నవో అవుతాయి. నాన్న కూర్చున్నప్పుడు పెద్దవి చేసుకుంటారు, నేను మళ్లీ తగ్గించుకుంటాను. డెస్క్‌టాప్ మీద కుడి క్లిక్ చేసి 'వ్యూ'లో 'ఆటో అరేంజ్ ఐకాన్స్' టిక్ తీసేశాను, 'అలైన్ ఐకాన్స్ టు గ్రిడ్' ఉంచాను. అప్పుడు ఐకాన్లు వరుసలోనే ఉంటాయి, కానీ ఒకదాన్ని తీసేస్తే తక్కినవి ముందుకు జరగవు. ఆ పొరపాటు రాత్రి నా ఫోల్డర్ పక్క గడికి జరగడానికి కారణం ఆ టిక్కే. వచ్చినవి ఎడమ అంచున, దిద్దుతున్నవి మధ్యలో, పంపాల్సినవి కుడి అంచున ఉంటాయి ఇప్పుడు. నాన్న అక్షరాలు కుడివైపు అడుగున, ఆయన చెయ్యి మౌస్ మీద ఆగే చోటుకు దగ్గరగా. వాల్‌పేపర్ కూడా ఫొటో తీసేసి ముదురు బూడిదరంగు పెట్టాం. ఏ బొమ్మ అయినా దాని మీద తేటగా కనబడుతుంది.

వేరే మానిటర్ తగిలించినప్పుడో రిజల్యూషన్ మారినప్పుడో ఈ అమరిక చెదిరిపోతుంది. అందుకని విండోస్ కీతో పాటు ప్రింట్ స్క్రీన్ కొట్టి డెస్క్‌టాప్ బొమ్మ ఒకటి తీసి 'ఐకాన్లు' ఫోల్డర్‌లోనే దాచాను. చెదిరినప్పుడల్లా దాన్ని తెరిచి పక్కన పెట్టుకుని, నాన్న "పెన్సిల్ మూడో వరుసలోనమ్మా" అంటుంటే నేను సర్దుతుంటాను.